ఇతరములు

రాత్రి రెండున్నర.
ఆటోనగర్‌లో రెండో అంతస్తు మీద
నేనూ, ఒక ఏసీ, పదహారు కంటైనర్లూ మేలుకుని ఉన్నాం.
తెర మీద పదహారు గీతలు
జ్వరం దిగిన పిల్లల్లా పడుకున్నాయి,
మైనస్ పద్దెనిమిది, మైనస్ పద్దెనిమిది.

ఒక్కో గీత కింద పాతికవేల కిలోల రొయ్య.
ఏ చెరువులో పెరిగిందో,
ఏ పూట ఎంత ఆక్సిజన్ తాగిందో,
ఏ బల్ల దగ్గర ఏ నంబరు చేతులు తల తీశాయో
అన్నీ తెలుసు నాకు. వాసన ఒక్కటే తెలీదు.
మా అమ్మకి వాసనే తెలుసు.
హార్బర్ షెడ్డులో ఇరవయ్యేళ్లు ఒలిచి
చింతపండు రుద్దినా వదలని చేతులతో
నాకు జడలేసింది.

తలుపుకో కన్ను, ఇరుసుకో చెవి,
మంచు లోపల అగ్గిపెట్టంత తెల్ల డబ్బా.
నిమిషానికోసారి నాడి చూసి ఆకాశానికి చెప్తుంది.
ఆకాశం నాకు చెప్తుంది.
నేను దాచిపెట్టినా
ఒసాకాలో ఒకాయన టీ తాగుతూ తనే చూసుకుంటాడు.

ఆషాఢంలో ఒక గీతకి గూని వచ్చింది.
మైనస్ పదకొండు దాకా ఎక్కి దిగింది.
నాలుగు గంటల పన్నెండు నిమిషాలు.
అవతలివాళ్లు సరుకు వద్దన్నారు,
ఇవతలివాళ్లు డ్రైవరు మీద పడ్డారు.
పొట్నూరు సూరప్పడు.
డీజిలు అమ్ముకోడానికి మిషను ఆపేశాడని.
ఎక్కడేం పాడైనా
ముందు అడిగేది అతన్నే, ఆఖర్న నమ్మేదీ అతన్నే.
"నానాపలేదు బాబూ" అన్నాడు.
ఆ మాట ఎక్కడా రికార్డు కాలేదు.

నేను డబ్బాని అడిగాను.
కూర్మన్నపాలెం దగ్గర చలి సరిగ్గా ఉంది.
షీలానగర్ దగ్గర సరిగ్గా ఉంది.
పోర్టు గేటు దాటాక, యార్డులో దించి
ప్లగ్గు పెట్టడం మర్చిపోయారెవరో.
అప్పటికి సూరప్పడి లారీ ఖాళీ వీపుతో
కాన్వెంట్ జంక్షన్ దాటిపోయింది.

మర్నాడు మెట్లెక్కి వచ్చాడు, చెప్పులు కిందే విడిచి.
"అమ్మా, ఆ గీత నాకో కాయితం మీద తీసియ్యి."
ఎందుకన్నాను.
"నా పక్కన సాచ్చికం సెప్పింది ఇదొక్కటే కదేటి."
లామినేషన్ చేయించి
కేబిన్లో పైడితల్లి పటం పక్కన పెట్టుకున్నాడు.
గూని మీద కుంకం బొట్టు కూడా పెట్టాడట.
నిజం చెప్పొద్దూ,
నెల జీతం కన్నా ఎక్కువే అనిపించింది నాకు.

ఇది కార్తీకం. రెండూ నలభై అయింది.
కిటికీలో దూరంగా స్టీలు ప్లాంటు ఆకాశం
కాసేపు ఎర్రగా పండి చల్లారింది.
పదకొండో గీత పచ్చగానే ఉంది గానీ
కింద చుక్క కదలడం లేదు.
నాతయ్యపాలెం. ఆగి పద్దెనిమిది నిమిషాలు.
బండి సూరప్పడిది.
సరుకు చల్లగా ఉంది, ఓడకింకా అయిదు గంటలుంది.
అయినా తెర నన్ను నిలదీసింది,
కారణం ఎంచుకోండి:
ట్రాఫిక్. మరమ్మతు. టైరు. నిర్లక్ష్యం. ఇతరములు.

ఫోన్ చేశాను.
ముందు గాలి, ఎవరిదో దగ్గు, లారీల హోరు.
"ఏటీ లేదమ్మా. ఊరికే కూకున్నాను."
కాసేపాగి,
"కూకోకూడదేటి?"

ఊరికే అన్న గడి లేదు ఆ జాబితాలో.
బొట్టు పెట్టిన గీత
అద్దం పక్కనుంచి అతన్నే చూస్తూ ఉండాలి ఇప్పుడు.

ఇతరములు నొక్కాను.
వివరాలు రాయమంది, యాభై అక్షరాలకు తగ్గకుండా.
నాతయ్యపాలెంలో వాన, అని రాశాను.
పెద్ద వాన. దారి కనపడని వాన.
గడి నిండేదాకా వానే రాశాను.
చుక్క కదిలింది.

అక్కడ చినుకు కూడా పడలేదని
ఆకాశానికి తెలుసు.
ఏమీ అనలేదు.